తుపాను అక్కడ... ఉక్కిరిబిక్కిరి ఇక్కడ!

హాంకాంగ్‌ వాతావరణ పరిశీలన కేంద్రం ఉష్ణోగ్రతలు నమోదు చేయడం మొదలుపెట్టింది 1884లో. అప్పట్నుంచీ ఎన్నడూ చూడనంత ఎండ 2017 ఆగస్టు 22న కాసింది. ఆరోజు అక్కడి థర్మామీటరు 36.6 డిగ్రీలు చూపించింది. రెంటచింతల, రామగుండం వాసులకు అదో లెక్కలోకి రాకపోవచ్చు. ‘మాకు మార్చిలోనే అంతుంటుంది’ అని నవ్వుకోవచ్చు కూడా. కానీ సముద్రం ఒడిలో ఉన్న ఊరది. గాలినిండా తేమ. అక్కడ 36.6 అంటే మాటలు కాదు. జనం చెమటలతో తడిసి ముద్దయ్యారు. దూరంగా కనిపించాల్సిన కొండలు మసకబారాయి.

సరిగ్గా ఆ మర్నాడే అదే ప్రాంతంమీద టైఫూన్‌ ‘హాటో’ విరుచుకుపడింది. హాంకాంగ్‌లో అన్నిటికన్నా పెద్దదైన పదో నంబరు హెచ్చరిక ఎగరేశారు. పక్కనే ఉన్న మకావులో పదిమంది చనిపోయారు. అన్నట్టు, హాటో అంటే జపాను భాషలో పావురం!

ముందురోజు నిప్పుల కొలిమి, మర్నాడు కుంభవృష్టి. ఇదేదో కాకతాళీయం కాదు. ఆ ఎండను తెచ్చిందీ ఆ టైఫూనే. అప్పటికది ఇంకా సముద్రంమీదే ఉంది. దాని తాలూకు మబ్బులు నగరం నెత్తిమీదికి రానేలేదు. అయినా దాని చెయ్యి మాత్రం ఊరిదాకా వచ్చేసింది. ఆ చెయ్యి ఎండనొక్కదాన్నే తీసుకురాదు. కంటికి కనిపించని ఓ విషవాయువునీ వెంటబెట్టుకొస్తుంది. దాని పేరు ఓజోన్‌.

పైన గొడుగు... కింద గండం

ఓజోన్‌ అనగానే పిల్లలు కూడా టక్కున చెప్పేస్తారు- ‘సూర్యుడి అతినీలలోహిత కిరణాల నుంచి భూమిని కాపాడే పొర’ అని. నిజమే. అది నేలకు పదిహేను నుంచి ముప్ఫై అయిదు కిలోమీటర్ల ఎత్తులో ఉన్నంతసేపూ మనకు గొడుగే. అదే ఓజోన్‌ మన ముక్కు ఎత్తులో ఉంటే మాత్రం గండం. ఊపిరితిత్తుల లోపలి సున్నితమైన పొరల్ని మంటపుట్టిస్తుంది. దగ్గు, గొంతులో గరగర, దీర్ఘంగా ఊపిరి తీసుకుంటే ఛాతీలో నొప్పి... ఉబ్బసం ఉన్నవాళ్లకయితే ఇన్‌హేలర్‌ చేతిలో పట్టుకోవాల్సిన పరిస్థితి. అంతెందుకు, రబ్బరును సాగదీసి ఓజోన్‌ ఉన్న గాలిలో పెడితే పగుళ్లిచ్చేస్తుంది. పరికరాలు అంతగా లేని రోజుల్లో అమెరికాలో ఆ పగుళ్లను బట్టే గాలిలో ఓజోన్‌ ఎంతుందో అంచనా వేసేవారు.

చిత్రమేంటంటే, ఏ లారీ గొట్టంలోంచీ ఓజోన్‌ రాదు. ఏ ఫ్యాక్టరీ చిమ్నీ దాన్ని వదలదు. అది గాలిలోనే వండుకునే వంట. వాహనాలు, విద్యుత్కేంద్రాల నుంచి వచ్చే నైట్రోజన్‌ ఆక్సైడ్లు ఒక దినుసు. పెట్రోలు, పెయింట్లు, ప్రింటింగు సిరాలు, పరిశ్రమల్లో వాడే ద్రావకాల నుంచి తేలిగ్గా ఆవిరయ్యే కర్బన పదార్థాలు రెండో దినుసు. పొయ్యి... ఎండ! ఎండ ఎంత గట్టిగా ఉంటే వంట అంత జోరుగా సాగుతుంది. అందుకే పొద్దున తక్కువగా ఉండే ఓజోన్‌ మధ్యాహ్నానికి ఎగబాకి, సూర్యుడు వాలాక తగ్గుముఖం పడుతుంది. ఈ వంట గుట్టును మొదట విప్పినవాడు హాగెన్‌-స్మిట్‌ అనే రసాయన శాస్త్రవేత్త. లాస్‌ ఏంజెలెస్‌ నగరాన్ని కమ్మేసి కళ్లు మండించే పొగమంచు అసలు రహస్యమేమిటో 1950ల మొదట్లో ఆయన తేల్చి చెప్పాడు.

ఇక వంటకు కావాల్సింది ఇంకొక్కటే- మూత. దినుసులు చెల్లాచెదురైపోకుండా, వేడి తగ్గకుండా పట్టి ఉంచే మూత. ఆ మూత వేసేది టైఫూన్‌. చుట్టూ అంచు కట్టేవి కొండలు.

వెయ్యి కిలోమీటర్ల చెయ్యి

టైఫూన్‌ అన్నా తుపాను అన్నా ఒకటే. పసిఫిక్‌ పడమటి భాగంలో పుడితే టైఫూన్‌, బంగాళాఖాతంలో పుడితే తుపాను. టీవీలో ఉపగ్రహ చిత్రం చూస్తే సుడులు తిరిగే మబ్బుల చక్రమొకటి కనిపిస్తుంది. నిజానికది చాలా పెద్ద పొగగొట్టం లాంటిది. సముద్రంమీది వేడి, తేమ గాలిని పీల్చుకుని, తుపాను కన్ను చుట్టూ గిరగిరా తిప్పి పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకి విసిరికొడుతుంది. మరి పైకెళ్లిన ఆ గాలంతా ఏమవుతుంది? అక్కడే ఉండిపోదు కదా! ఆకాశంలో నలువైపులా పరుచుకుని, వందల కిలోమీటర్ల అవతల నెమ్మదిగా కిందికి దిగుతుంది. 

గాలి కిందికి దిగేకొద్దీ దానిమీద ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడికి వేడెక్కుతుంది. సైకిలుకు పంపుతో గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది చూడండి... అదే సూత్రం. పొడిగాలి కిలోమీటరు దిగితే దాదాపు పది డిగ్రీలు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలిలో మబ్బులు నిలవవు. దాంతో ఆకాశం తేటపడుతుంది, ఎండ సూటిగా నేలను తాకుతుంది. పైనుంచి వెచ్చటి గాలి అదుముతూ ఉంటే కిందిగాలి పైకి లేవలేదు. మామూలు రోజుల్లో కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తువరకూ కలిసిపోయి పలచబడే పొగంతా ఆ రోజుల్లో నేలకు దగ్గరగా ఇరుక్కుపోతుంది. టైఫూన్‌ గాలులు ఇంకా చేరలేదు, మామూలుగా వీచే సముద్రపు గాలీ స్తంభించిపోతుంది. అంటే ఎండ, వేడి, మూత, కదలని గాలి... ఓజోన్‌ పాలిట నాలుగూ ఒకేసారి కలిసొచ్చినట్టు!

దక్షిణ చైనా తీరంలో దీనికి ఇంకోటి తోడవుతుంది. ఉత్తరార్ధగోళంలో తుపాను అపసవ్య దిశలో, అంటే గడియారం ముళ్లకు వ్యతిరేకంగా తిరుగుతుంది. అది హాంకాంగ్‌కు తూర్పున ఉంటే నగరంమీద గాలి ఉత్తరం నుంచి వీస్తుంది. హాంకాంగ్‌కు ఉత్తరాన ఏముంది? షెన్‌జెన్‌, డాంగ్వాన్‌, గ్వాంగ్‌జౌ... ప్రపంచానికి బొమ్మల నుంచి సెల్‌ఫోన్ల దాకా తయారుచేసిపెట్టే పెర్ల్‌ నదీ డెల్టా ఉంది. అక్కడి పొగ నేరుగా కిందికి దిగుతుంది. పనిలో పనిగా డెల్టాకు ఎగువనున్న నాన్‌లింగ్‌ పర్వతాలను దాటి కిందికి జారే గాలి ఇంకాస్త వేడెక్కి వస్తుంది.

ఇదంతా ఒక్క హాంకాంగ్‌ గోలే అనుకోవడానికి లేదు. తైవాన్‌కు ఎదురుగా ఉన్న చైనా రేవు పట్టణం షియామెన్‌లోనూ శాస్త్రవేత్తలు ఇదే తంతు గమనించారు. 2015లో అచ్చయిన వాళ్ల పరిశోధన వ్యాసానికి పేరే ఒక ప్రశ్న- టైఫూన్‌ ఆగ్నేయ చైనా తీరం దాటబోయే ముందు నేలమీది ఓజోన్‌ ఎందుకు పతాక స్థాయికి చేరుతుంది? అని. 

దారి తప్పిన తుపానే ప్రమాదం

టైఫూన్‌ విషయంలో హాంకాంగ్‌ వాసులకు ఓ పాత జోకు ఉంది. ఎనిమిదో నంబరు హెచ్చరిక ఎగరేస్తే బడులు మూసేస్తారు, చాలా ఆఫీసులకు సెలవు. పనిరోజుల్లో ఉద్యోగులంతా ఎనిమిదో నంబరు కోసం ఎదురుచూస్తుంటే, టైఫూన్‌ కాస్తా దగ్గరిదాకా వచ్చి పక్కకు తిరిగిపోతుంది. ‘ఊళ్లో పేరుమోసిన కోటీశ్వరుడు కనిపించని అడ్డుగోడ కట్టించాడు, తన వ్యాపారాలకు సెలవు రాకుండా’ అని జనం నవ్వుకుంటారు.

సెలవు సంగతెలా ఉన్నా, గాలి విషయంలో ఆ పక్కకు తిరిగిపోయే టైఫూనే అసలు చిక్కు తెచ్చిపెట్టేది. నేరుగా ఊరిమీదికొచ్చేది ముందురోజు ఉడికించినా, తర్వాత గాలివానతో అంతా కడిగిపారేస్తుంది. ఓజోన్‌ ఒక్కసారిగా పడిపోతుంది. తైవాన్‌ వైపో, తూర్పు చైనా వైపో, ఇంకా పైకి జపాన్‌ వైపో వెళ్లేది అలా కాదు. హాంకాంగ్‌కు చుక్క వాన ఇవ్వకుండానే, వెళ్లినంతదూరమూ పైనుంచి మూత నొక్కిపెడుతూ పోతుంది. అది నింపాదిగా కదిలేదైతే ఈ అవస్థ రెండుమూడు రోజులు సాగుతుంది. టీవీలో ‘తైవాన్‌వైపు మళ్లిన టైఫూన్‌’ అని చూసి హాంకాంగ్‌ జనం హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంటారు. ఆ పీల్చే ఊపిరిలోనే ఉంది ఓజోన్‌.

ఇక్కడే ఓ ఇబ్బంది. టైఫూన్‌ 800 కిలోమీటర్ల లోపు వచ్చి నగరానికి ముప్పు తేవచ్చనుకుంటే ఒకటో నంబరు హెచ్చరిక వేస్తారు. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పైగా ఆకాశం నీలంగా, ఎండ కళకళలాడుతూ ఉంటుంది. ఆదివారమైతే చెప్పక్కర్లేదు, కుటుంబాలన్నీ కొండబాట పడతాయి. హాంకాంగ్‌ అంటే మనకు ఆకాశహర్మ్యాలే గుర్తొస్తాయి కానీ, నేలలో దాదాపు నాలుగింట మూడొంతులు కొండలూ అడవులూ పొదలే. కొండలెక్కడం అక్కడివాళ్లకు మనకు సినిమా ఎంతో అంత. ‘ఊళ్లో పొగ కన్నా కొండగాలి నయం’ అని పిల్లాపాపలతో బయల్దేరతారు.

నయమేనా?

కొండమీద కూడా దొరకని మంచిగాలి

హాంకాంగ్‌లో అన్నిటికన్నా ఎత్తయిన కొండ తాయ్‌ మో షాన్‌. ఎత్తు 957 మీటర్లు. మన తిరుమల కొండలకు దాదాపు సాటి. 2010లో సెప్టెంబరు నుంచి నవంబరు వరకూ అక్కడి శాస్త్రవేత్తలు ఈ కొండమీద 640 మీటర్ల ఎత్తులో ఒకటి, కొండ దిగువన సున్‌ వాన్‌ అనే పట్టణంలో ఒకటి పరికరాలు పెట్టి ఏకకాలంలో ఓజోన్‌ను కొలిచారు. కింద మోటార్ల రద్దీ, పైన చెట్లూ చల్లగాలీ. ఓజోన్‌ ఎక్కడ ఎక్కువుంది? కొండమీదే!

దీనికి రెండు కారణాలు. మొదటిది వింటే విడ్డూరంగా ఉంటుంది. వాహనాల గొట్టంలోంచి తాజాగా వచ్చే నైట్రిక్‌ ఆక్సైడ్‌ ఓజోన్‌ను తినేస్తుంది. అందుకే బస్సులూ లారీలూ కిక్కిరిసిన రోడ్డుపక్కన ఓజోన్‌ తక్కువ. అక్కడి గాలి బాగుందని కాదు, ఓ విషం ఇంకో విషాన్ని మింగుతోందని అర్థం. ఆ గాలి ఊరు దాటి, కొండలూ దీవులూ చేరేసరికి తినేవాడు ఉండడు, ఎండ మాత్రం ఉంటుంది. అందుకే అక్కడ ఓజోన్‌ పేరుకుంటుంది. హాంకాంగ్‌ ఈశాన్య మూలన తాప్‌ మున్‌ అనే చిన్న దీవి ఉంది. పచ్చిక, ఆవులు, కొద్దిపాటి ఇళ్లు. నగరం నడిబొడ్డున ఇరుకు వీధుల మోంగ్‌ కోక్‌ రోడ్డుపక్క కన్నా ఆ దీవి గాలిలోనే ఓజోన్‌ ఎక్కువుంటుంది.

రెండోది కొండలాట. పగలు కొండవాలు ఎండకు వేడెక్కి, లోయలోని గాలిని పైకి లాక్కుంటుంది. దాంతోపాటే ఊరి పొగా పైకి పాకుతుంది, పాకుతూ పాకుతూ ఓజోన్‌గా మారుతుంది. రాత్రి వాలు చల్లబడితే గాలి తిరిగి కిందికి జారుతుంది. కానీ పగలు పైకి చేరినదంతా దిగిరాదు. కొంత రాత్రంతా ఎత్తులోనే ఓ పొరలా తేలుతూ ఉండిపోతుంది. అంత ఎత్తున దాన్ని తినే వాహనాల పొగ లేదు, అంటుకుని కరిగిపోవడానికి నేలా లేదు. తెల్లారాక ఎండెక్కి గాలి కలగలిసేటప్పుడు నిన్నటి నిల్వంతా మళ్లీ కిందికొస్తుంది. నిన్నటి చద్దిమీద ఇవాళ్టి కొత్త వంట! టైఫూన్‌ మూత మూడురోజులు కదలకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

సముద్రం కూడా ఇందులో వాటాదారే. రాత్రి నేలమీంచి వీచే గాలి పొగను సముద్రంమీదికి తోస్తుంది. నీళ్లమీద ఓజోన్‌ తొందరగా నశించదు, గిడ్డంగిలో సరుకులా పడి ఉంటుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలవగానే తిరిగి ఒడ్డుకు చేరుతుంది. ఇలా తిరిగొచ్చే గాలి తగిలేచోట తుంగ్‌ చుంగ్‌ ఉంది. విమానాశ్రయం పక్కన కట్టిన కొత్త పట్టణం. ముందు పెర్ల్‌ నది ముఖద్వారం, వెనక 934 మీటర్ల లాంటావు శిఖరం. నదీముఖం మీదుగా వచ్చిన గాలి కొండకు కొట్టుకుని ముందుకు పోలేదు. హాంకాంగ్‌లో ఓజోన్‌ పెరిగిందన్న వార్త వస్తే తుంగ్‌ చుంగ్‌ పేరు అందులో తరచూ కనిపిస్తుంది.

మూడున్నర వేల మీటర్ల గోడ

కొండ పాత్ర ఇంకా స్పష్టంగా చూడాలంటే తైవాన్‌కు వెళ్లాలి. ఆ దీవి నడుమ ఉత్తరం నుంచి దక్షిణానికి వెన్నెముకలా మధ్య పర్వతశ్రేణి సాగుతుంది. చాలా శిఖరాలు మూడువేల మీటర్లు దాటతాయి, దాన్ని ఆనుకునే ఉన్న యూషాన్‌ శిఖరం ఎత్తు 3,952 మీటర్లు. జనం, రోడ్లు, ఉక్కు కర్మాగారాలు, పెట్రోరసాయన సముదాయాలు చాలావరకూ పడమటి మైదానంలోనే. తైచుంగ్‌, కావోషుంగ్‌ లాంటి నగరాలన్నీ ఆవైపే.

టైఫూన్‌ సముద్రంలో తూర్పున ఉండగా గాలి తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది. పర్వతాన్ని ఢీకొని రెండుగా చీలి పక్కలనుంచి తప్పుకుంటుంది. కొండ చాటునున్న పడమటి మైదానంలో మాత్రం గాలి ఆడదు. ఈదురుగాలికి గోడ చాటున నిలబడ్డప్పుడు మనకు ఊరటగా ఉంటుంది. కానీ ఆ గోడ చాటున కోటిన్నరకు పైగా జనమూ, వేల ఫ్యాక్టరీలూ ఉంటే? అక్కడి పొగ అక్కడే సుడులు తిరుగుతుంది. కొండ దాటి జారే గాలి వెచ్చబడి మూతను మరింత బిగిస్తుంది. శరదృతువులో కావోషుంగ్‌, దాని పక్కనున్న పింగ్‌తుంగ్‌ వాసులకు ఓజోన్‌ బెడద మామూలే. టైఫూన్‌ కొండకవతల ఉన్నా, ఈవైపు ఆ రోజులు ఇంకా బరువెక్కుతాయి.

అదే టైఫూన్‌ దీవికి ఉత్తరంగా దాటితే కథ తిరగబడుతుంది. ఇప్పుడు గాలి పడమటి నుంచి కొండెక్కి తూర్పున తైతుంగ్‌ వైపు దిగుతుంది. ఎక్కేటప్పుడు తేమంతా వానగా రాలిపోతుంది, దిగేటప్పుడు పొడిగా, సెగలా తగులుతుంది. ఐరోపాలో ఆల్ప్స్‌ పర్వతాల దగ్గర దీన్ని ‘ఫోన్‌’ గాలి అంటారు, తైవాన్‌లో ‘తగలబెట్టే గాలి’ అన్న అర్థంలో పిలుస్తారు. తైతుంగ్‌ సీతాఫలాలకు పేరు. ఆ సెగ తగిలితే ఆకులూ పూతా మాడిపోతాయి. మనకు సీతాఫలం అడవిచెట్టు, వాళ్లకు కంటికి రెప్పలా కాచుకునే తోటపంట. తుపాను ఎక్కడో సముద్రంలో ఉన్నా ఆ రైతు గుండెలు దడదడలాడేది అందుకే.

టైఫూన్‌ లేకపోయినా కొండ తన పని తాను చేసుకుపోతుందనడానికి లాస్‌ ఏంజెలెసే సాక్ష్యం. సముద్రపు గాలి నగరం పొగను మోసుకెళ్లి శాన్‌ గాబ్రియెల్‌, శాన్‌ బెర్నార్డినో కొండల మొదట్లో పోగేస్తుంది. పొగ వదిలేది తీరంలోని నగరం, దగ్గేది వంద కిలోమీటర్ల లోపలున్న రివర్‌సైడ్‌. 1950ల్లో శాన్‌ బెర్నార్డినో కొండల్లో పైన్‌ చెట్ల ఆకులు పసుపెక్కి రాలిపోతుంటే చాలాకాలం ఏ తెగులో తెలియలేదు. చివరికి దోషి ఓజోన్‌ అని తేలింది.

చెట్టూ కొంత... మనమే అంతా!

ఇంకో మెలిక. చెట్లు కూడా ఐసోప్రీన్‌ లాంటి కర్బన ఆవిర్లు వదులుతాయి. ఎండా వేడీ పెరిగేకొద్దీ ఎక్కువగా వదులుతాయి. టైఫూన్‌ ముందు వచ్చే ఎండల్లో ఈ ఆవిర్లు పెరిగి ఓజోన్‌కు అదనపు దినుసుగా మారుతున్నాయని, అది ఒకచోటి నుంచి మరోచోటికి గాలివాటున పోతోందని 2022లో ‘సైన్స్‌ అడ్వాన్సెస్‌’ పత్రికలో చైనా శాస్త్రవేత్తలు వివరించారు. అలాగని నేరం చెట్లమీదికి నెట్టేస్తే అంతకన్నా అన్యాయం ఉండదు. నైట్రోజన్‌ ఆక్సైడ్లు లేకుండా చెట్ల ఆవిర్లు ఒంటరిగా నగరాన్ని ఉక్కిరిబిక్కిరి చేయలేవు. ఆ ఆక్సైడ్లు మన ఇంజిన్లవీ, మన బాయిలర్లవీ.

వాటిని తగ్గించడం కూడా అనుకున్నంత తేలిక కాదు. గ్వాంగ్‌డాంగ్‌, హాంకాంగ్‌లు కలిసి పెర్ల్‌ నదీ డెల్టా అంతటా గాలిని కొలిచే ఉమ్మడి వ్యవస్థను 2005లో మొదలుపెట్టాయి. తర్వాత మకావూ చేరింది. ఆ లెక్కల ప్రకారం గంధకపు పొగ బాగా తగ్గింది, నైట్రోజన్‌ డయాక్సైడ్‌ తగ్గింది, దుమ్ముకణాలు తగ్గాయి. ఓజోన్‌ ఒక్కటే పెరిగింది! ఓజోన్‌ను మింగే నైట్రిక్‌ ఆక్సైడ్‌ తగ్గడం దీనికో కారణం. 2020లో కరోనా లాక్‌డౌన్‌లో రోడ్లు ఖాళీ అయినప్పుడు చైనాలోని అనేక నగరాల్లో ఇదే జరిగింది. పొగ తగ్గింది, ఓజోన్‌ పెరిగింది. అంటే పొగ ఉండాలని కాదు. నైట్రోజన్‌ ఆక్సైడ్లతోపాటు పెయింట్లు, ద్రావకాల ఆవిర్లనూ గట్టిగా తగ్గిస్తే తప్ప ఓజోన్‌ లొంగదని. ఒక దినుసు కొంచెం తగ్గించి వంట ఆగిపోతుందనుకోవడం భ్రమ.

మన బంగాళాఖాతం సంగతి?

మనకూ తుపానులున్నాయి, తూర్పు కనుమలున్నాయి. మన తుపానులు మే నెలలోనూ, మళ్లీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ ఎక్కువ. కోస్తా జిల్లాల పెద్దవాళ్లకు వేసవి తుపాను సంగతి బాగా తెలుసు. తుపాను ఒడిశావైపో, మయన్మార్‌వైపో వెళ్లిపోతే ‘తేమంతా లాక్కుపోయింది, ఇక వడగాలే’ అంటారు. ఆ మాటలో చాలా వాతావరణ శాస్త్రం ఉంది. 2003 మేలో బంగాళాఖాతంలో పుట్టిన తుపాను శ్రీలంకను వరదల్లో ముంచి మయన్మార్‌లో తీరం దాటింది. ఆ వేసవిలోనే ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా బలయ్యారు. తుపాను తేమను తనవైపు లాక్కోవడం, రుతుపవనాల రాక ఆలస్యం కావడం ఆ ఎండలకు కారణాలుగా నిపుణులు చెప్పారు. హాంకాంగ్‌ మాదిరే ఇక్కడా తుపాను దూరంగానే ఉంది, దెబ్బ మాత్రం దగ్గరగా తగిలింది.

ఓజోన్‌ విషయంలో మనవాళ్లు ఇంకో కోణం నుంచి కూడా చూశారు. 2012లో నీలం, 2013లో ఫైలిన్‌ తుపానులప్పుడు తిరువనంతపురం నుంచి బెలూన్లకు ఓజోన్‌ పరికరాలు కట్టి ఆకాశంలోకి వదిలారు. పై ఆకాశంలోని ‘మంచి ఓజోన్‌’ తుపాను కదిలించిన గాలులతో కిందికి దిగుతున్నట్టు వాటిలో కనిపించింది. ఈ పరిశోధనలో చిత్తూరు జిల్లాలో (ఇప్పుడు తిరుపతి జిల్లా) చంద్రగిరి దగ్గరున్న గాదంకి జాతీయ వాతావరణ పరిశోధనశాల శాస్త్రవేత్తలకూ భాగముంది. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. అంటే తుపాను కింద ఓజోన్‌ను వండించడమే కాదు, పైనుంచి వండినదాన్ని దించగలదన్నమాట!

ఇక కొండల మధ్య ఇరుక్కున్న నగరమంటే మనకు విశాఖపట్నం. ఉత్తరాన కైలాసగిరి, దక్షిణాన యారాడ కొండలు, తూర్పున సముద్రం. మధ్యలో ఓడరేవు, ఎరువుల కర్మాగారం, చమురుశుద్ధి కర్మాగారం, వాటిమధ్యే జనావాసాలు. అధికారుల ఫైళ్లలోనే దానికి ‘బౌల్‌ ఏరియా’ అని పేరు, గిన్నెలాంటి చోటని. తుంగ్‌ చుంగ్‌ను చూసినవాళ్లకు ఈ గిన్నెను చూస్తే కొత్తేమీ అనిపించదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ నేరుగా ఈ గిన్నెమీదే పడింది. అది విరిచిన చెట్లు అందరికీ గుర్తున్నాయి. తుపాను పక్కనుంచి పోయే రోజుల్లో గిన్నెలోపల గాలి ఏమవుతోందో చూడటం కూడా అంతే అవసరం.

ఏ గాలి ఎంత చెడ్డదో చెప్పడానికి హాంకాంగ్‌లో 2013 చివర్నుంచీ ఒకటి నుంచి పది, ఆపైన ‘పది ప్లస్‌’ వరకూ అంకెలతో సూచిక ఇస్తున్నారు. ఏడుకు చేరితే ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లూ పిల్లలూ వృద్ధులూ ఆరుబయట శ్రమ తగ్గించుకోవాలి. పది ప్లస్‌ అయితే అసలు బయటి ఆటలే వద్దంటారు. టైఫూన్‌ వస్తోందంటే వాతావరణ బులెటిన్‌లోనే ‘టైఫూన్‌ వెలుపలి దిగుడు గాలివల్ల ఎండ తీవ్రంగా ఉంటుంది’ అని చెబుతారు. మన దేశంలోనూ 2015 నుంచి ఇస్తున్న గాలి నాణ్యత సూచికలో చూసే ఎనిమిది కాలుష్యాల్లో ఓజోన్‌ ఒకటి. ఎనిమిది గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు మించకూడదన్నది మన నిబంధన. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అంతే. హాంకాంగ్‌లో ఆ హద్దు 160. కాగితంమీద మనమే కఠినం!

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘సమీర్‌’ యాప్‌లో ఊరి పేరు నొక్కితే మొత్తం అంకె ఒకటి కనిపిస్తుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఇంకో అడుగు లోపలికెళ్తే ఓజోన్‌ అంకె విడిగా ఉంటుంది. దాన్ని పొద్దున కాదు, మధ్యాహ్నం మూడింటికి చూడాలి. దుమ్ముకోసం పెట్టుకునే మామూలు మాస్కు ఓజోన్‌ను ఆపలేదు, అది కణం కాదు, వాయువు. తలుపులు వేసుకుని ఇంట్లో ఉంటే మాత్రం చాలావరకు తప్పించుకోవచ్చు, గోడలకూ బట్టలకూ తగిలి అది త్వరగానే నశిస్తుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉండి, మన ఊళ్లో మబ్బుల్లేకుండా ఎండ మండిపోతుంటే, పిల్లల క్రికెట్‌ను పన్నెండు నుంచి నాలుగింటి మధ్య కాకుండా పొద్దున ఏడింటికి మార్చుకుంటే సరిపోతుంది.